కిటికీకి తెల్ల దుప్పట్లు

ఆ శనివారం పొద్దున బాస్టియాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, గడ్డం గీసుకోవాలి, ముందుగదిని చీకటి చేయాలి. సాయంత్రం నాలుగింటికి ఫ్లూర్ వస్తే ఆమెకు ఒక గ్లాసు యెనేవర్ పోయాలి. ఆమె తాగి "బాగుంది" అనాలి. అంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందిలే అనుకున్నాడు, పాపం.

యెనేవర్ అంటే జిన్‌కు తాతవరస అవుతుంది. రోటర్‌డామ్ పక్కనే ఉన్న స్కీడంలో పుట్టినవాడికి దాన్ని గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. బాస్టియాన్ ఉద్యోగమంతా ఆ ఊరి సారా ఫ్యాక్టరీలో, సీసాలు నింపే హాల్లోనే గడిచింది. అయితే ఫ్యాక్టరీ సరుకు వేరు, ఇప్పుడు అతని ఇంట్లో మట్టి జాడీల్లో ఉన్నది వేరు. ఇది అతని భార్య యోషా పుట్టింటివాళ్ళది. ఆమె వంశంలో ఎప్పుడో రెండు వందల ఏళ్ళ కిందట యాకోబ్ అనే ఆయన కట్టిన పాకం. దాని విధానం ఒక పీపా మూతకు లోపలివైపు కాల్చిన ఇనపకమ్మీతో రాసి ఉంది. యోషా కాపురానికి వస్తూ ఆ మూతను వెంట తెచ్చుకుంది. తెచ్చుకుని, దాని మీద పూలకుండీ పెట్టుకుంది.

"ఎప్పుడైనా దీన్ని చేసి నలుగురికీ పోయాలి బాస్టియాన్," అనేది, కుండీకి నీళ్ళు పోసినప్పుడల్లా.

"రిటైరవనీ, చూద్దాం," అనేవాడు అతను.

అతను రిటైరయ్యాడు. ఆమె అందాకా ఆగలేదు.

ఆమె పోయాక కూడా చాలాకాలం అతను ఆ కుండీ జోలికి పోలేదు. ఒకరోజు మొక్క ఎండిపోతే తీసి పారేస్తూ మూత తిరగేశాడు. అప్పట్నుంచీ అదే పని. ఫ్యాక్టరీలో పాత స్నేహితుల దగ్గర బార్లీ మాల్ట్ సారా తెచ్చుకున్నాడు. జూనిపర్ కాయలు, షాజీరా, అతిమధురం, బీరులో వేసే హాప్ పూలు గుప్పెడు వేసి నానబెట్టాడు. మొదటి విడత దగ్గుమందులా వచ్చింది. రెండో విడత బూట్ల పాలిష్‌లా వచ్చింది. తర్వాత మూత అంచున ఎండిన కుండీ మట్టిని గీకితే అడుగున ఇంకో వరస బయటపడింది: 'గుడ్డ విప్పిన దగ్గర్నుంచి మొదటి గుక్క గొంతు దిగేదాకా వెలుతురు చూడనివ్వకు. కదలనివ్వకు.' అదీ సంగతి. ఇన్నాళ్ళూ తన ముందుగది నిండా వెలుతురే.

మూడో విడతలో ఒక చిన్న జాడీని రాత్రి చీకట్లో విప్పి రుచి చూస్తే, కుదిరిందనే అనిపించింది. కానీ ఒంటరి మనిషి నాలుక మాట ఎవరు నమ్ముతారు? యోషా పోయిన దగ్గర్నుంచీ సాయంత్రం పూట అతను ఫ్యాక్టరీ యెనేవర్ రెండు గ్లాసులు పోసేవాడు, ఒకటి తనకు, ఒకటి యోషా కుర్చీ ముందు. తనది తాగేసి, "ఎలా ఉందే?" అని కుర్చీని అడిగేవాడు. కుర్చీ ఏం చెబుతుంది? కాసేపు చూసి రెండో గ్లాసును మళ్ళీ సీసాలో పోసేసేవాడు. ఆరేళ్ళుగా ఆ గుమ్మం లోపలికి మీటరు రీడింగు మనిషి తప్ప ఎవరూ వచ్చింది లేదు.

అందుకే మొన్నామధ్య ధైర్యం చేసి వీధి వీధంతా తిరిగాడు. "ఫలానా శనివారం నాలుగింటికి మా ఇంటికి రండి, పాతకాలం యెనేవర్ రుచి చూద్దురు గాని," అని పేరుపేరునా పిలిచాడు. పిలిచిన ప్రతి ఇంట్లోనూ ముందు డైరీ బయటికి వచ్చింది. ఆ ఊళ్ళో డైరీ చూడకుండా కన్నతల్లిని కూడా పలకరించరు.

పన్నుల ఆఫీసులో చేసి రిటైరైన లోడెవైక్ గారు కళ్ళజోడు సవరించుకుని పేజీలు తిప్పారు. "ఈ శనివారం మా చెల్లెలి పుట్టినరోజండీ. ఫిబ్రవరిలో అయితే ఒక మంగళవారం పదకొండు నుంచి పదకొండున్నర ఖాళీ ఉంది. రాసేసుకోమంటారా?"

"ఫిబ్రవరిదాకా అది నిలవ ఉండదండీ."

"అయితే మార్చి చూద్దామా?"

మూలమీద బేకరీ ఎవర్ట్ పిండి చేతులతోనే డైరీ తిప్పి, "శనివారం బావమరిది ఇల్లు మారుతున్నాడయ్యా, సామాన్లు మోయాలి," అన్నాడు. ఎదురింటి ట్రూస్ అయితే డైరీని గుండెలకు దగ్గరగా పట్టుకుని, తనొక్కతే చూసుకుని, "లేదు, నిండిపోయింది," అని మూసేసింది. బాస్టియాన్ కంటే పదేళ్ళు పెద్దది. భర్త పోయి చాలాకాలమైంది. ఎదురెదురు కిటికీల్లోంచి రోజూ తలలూపుకోవడమే తప్ప వాళ్ళిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నది ఎన్నడూ లేదు.

ఒప్పుకున్నది ఫ్లూర్ ఒక్కతే. వీధి చివర అద్దెకుంటుంది, రోటర్‌డామ్‌లో బార్ నడుపుతుంది. "పాత రుచులంటే ఇప్పుడు కుర్రకారుకి మహా మోజు, బాస్టియాన్ గారూ. నాలుగు నుంచి నాలుగుంపావు దాకా వస్తాను. నచ్చితే బార్‌లో పెడతా. సీసా మీద మీ ఆవిడ పేరే వేద్దాం, ఏమంటారు?"

ఏమంటాడు? ఆ మాట విన్న దగ్గర్నుంచీ అతనికి నిద్ర లేదు.

సరే, శనివారం వచ్చింది. ముందుగది చీకటి చేయాలి. కానీ ఆ వీధిలో ముందుగది కిటికీలకు తెరలు ఉండవు. కట్టుకుంటే, దాచుకోవడానికి ఏముందో అని ఊరంతా అనుమానిస్తుంది. బాస్టియాన్ ఇల్లంతా వెతికి యోషా పెట్టెలోంచి పెళ్ళినాటి నార దుప్పట్లు తీశాడు. తెల్లగా మెరిసిపోతున్నాయి. వాటిని కిటికీ ఈ చివర నుంచి ఆ చివరదాకా మేకులు కొట్టి కట్టాడు. గోడలో అలమరలా కట్టిన పాతకాలపు పడకలో జాడీలు వరసగా పేర్చి ఉన్నాయి. ఆ గోడకే గడియారం ఉంది. దాని లోలకం టకటకలకు జాడీల్లో మడ్డి కదులుతుందని గడియారం ఆపాడు. తలుపు తీసినప్పుడల్లా అద్దం వెలుతురును గదిలోకి కొడుతుందని అద్దం మీద గుడ్డ కప్పాడు. చివరికి మంచి బట్టలు వేసుకుందామని చూస్తే, ఉన్నది ఒకే ఒక నల్లకోటు.

ఇప్పుడు వీధిలోంచి చూసి లోపలికి వచ్చేవాడి సంగతి ఆలోచించండి. కిటికీకి తెల్ల దుప్పట్లు. ఆగిపోయిన గడియారం. కప్పిన అద్దం. నల్లకోటు. ఆ ఊళ్ళో పాతకాలం నుంచీ ఇవన్నీ కలిసి ఒక్కటే చెబుతాయి, ఇంట్లో ఎవరో పోయారని. బాస్టియాన్‌కు తెలియకేం, చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్లో కళ్ళారా చూసినవాడే. కానీ యోషా ఆస్పత్రిలో పోయింది, తతంగమంతా అంత్యక్రియల కంపెనీవాళ్ళే చూసుకున్నారు, దుప్పట్ల అవసరం రాలేదు. పైగా ఆ పొద్దున అతని బుర్రలో జాడీలు తప్ప ఇంకేమీ లేవు.

జాడీల మూతులకు కట్టిన గుడ్డలు విప్పి, పైన పల్చగా తెల్లగుడ్డ పరిచాడో లేదో, గుమ్మం గంట మోగింది. తలుపు తీస్తే ట్రూస్. నల్లగౌను, నడుముకు ఏప్రను, చేతిలో పెద్ద కాఫీ కెటిల్.

"పొయ్యి ఎక్కడ?" అంది.

"అదిగో... కానీ ట్రూస్, ఇవాళ నీ డైరీ నిండిపోయిందన్నావు కదా?"

"కప్పులు ఎన్ని ఉన్నాయి? చాలవు. మావి తెస్తా," అంటూ ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. అతను అయోమయంగా నిలబడ్డాడు. మనసు మార్చుకుందేమో, రుచి చూడ్డానికే వచ్చిందేమో అనుకున్నాడు. తన వంటింట్లో ఇంకొకరు గిన్నెలు చప్పుడు చేస్తుంటే వినడం ఎంత బాగుందో! ఆ చప్పుడు ఆపించే మాట ఏదీ అతని నోటికి రాలేదు.

మళ్ళీ గంట. ఈసారి ఎవర్ట్. పెద్ద పళ్ళెం నిండా కోసిన కేకు. పళ్ళెం పక్కన పెట్టి బాస్టియాన్ భుజం మీద బరువుగా చెయ్యి వేశాడు. ఎంతోసేపు తియ్యలేదు. "ఏం మాట్లాడకు. నేనున్నాను," అన్నాడు.

"మరి మీ బావమరిది సామాన్లు?"

"వాడి బీరువా వాడే మోసుకుంటాడులే."

మనిషి చెయ్యి భుజం మీద పడి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు లేదు. కళ్ళు తుడుచుకున్నాడు. అది చూసి ఎవర్ట్ కూడా తుడుచుకున్నాడు. ఇంతలో లోడెవైక్ గారు నల్ల టై కట్టుకుని, తెల్ల పూలగుత్తితో గుమ్మంలోకి వచ్చి, ఒంగి చేయి కలిపి, "నా ప్రగాఢ సానుభూతి," అన్నారు.

అప్పుడు వెలిగింది. బాస్టియాన్ దుప్పట్ల వంక చూశాడు, గడియారం వంక చూశాడు, తన కోటు వంక చూసుకున్నాడు.

"అయ్యయ్యో, లోడెవైక్ గారూ, ఇది..." అన్నాడు. కానీ ఆయన వెనక ఇంకో నలుగురు ఉన్నారు. వాళ్ళు కోట్లు విప్పి తగిలిస్తున్నారు. చూస్తూ చూస్తూ ఉండగానే గది నిండింది. ట్రూస్ కాఫీ అందిస్తోంది, ఎవర్ట్ కేకు పంచుతున్నాడు. నిన్నటిదాకా గోడలకు తన దగ్గు తప్ప వేరే చప్పుడు తెలియని ఇల్లది. ఇప్పుడు వీళ్ళకు నిజం చెబితే ఏమవుతుంది? కప్పులు కింద పెడతారు, కోట్లు వేసుకుంటారు, డైరీలు తీస్తారు. ఒక్క కప్పు కాఫీ అయ్యేదాకా ఆగుదాం, తర్వాత చెబుదాం అనుకున్నాడు. అక్కడే మునిగాడు.

లోడెవైక్ గారికి అన్నీ సక్రమంగా నమోదు కావాలి. పక్కన కూర్చుని గొంతు తగ్గించి, "అడక్కూడదు గానీ, పోయినవారు...?" అన్నారు.

గదంతా చెవులు రిక్కించింది. బాస్టియాన్ కళ్ళు పీపా మూత మీద పడ్డాయి.

"యాకోబ్ గారు," అన్నాడు. "యోషా వైపు పెద్దాయన."

"అయ్యో. వయసెంత?"

"బాగా పెద్దాయనండీ."

"తొంభై ఉంటాయా?"

"ఎప్పుడో దాటేశాయి. మేం లెక్కపెట్టడం మానేశాం."

"బాధపడ్డారా చివర్లో?"

"ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు."

ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అదే అతని ప్రాణానికి ఊరట. లోడెవైక్ గారు మాత్రం కరిగిపోయారు. "తన వాళ్ళంతా వెళ్ళిపోయాక ఒక్కడే మిగలడం... ఎంత నరకమో!" అని ముక్కు చీదారు. ఆయన చర్చి కమిటీలో మెంబరు. ఉన్నపళంగా ఫోన్ తీసి చర్చి గంట కొట్టించమని పురమాయించారు. "ఆయనకు ఎవరూ లేకపోతే మనం లేమా?" అన్నారు. గంట మోగింది. గంట మోగితే ఎవరు పోయారోనని పక్కవీధి వాళ్ళు వచ్చారు. వాళ్ళకు కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. మెట్ల మీద ఉన్నవాళ్ళలో ఒకావిడ, తన చిన్నప్పుడు పిప్పరమెంటు బిళ్ళలు కొనిపెట్టిన పెద్దాయనే ఈ యాకోబ్ గారు అయి ఉంటారని చెప్పుకుని ఏడ్చింది.

నాలుగింటికి ఫ్లూర్ వచ్చింది. గుమ్మంలో ఆగిపోయింది. గదంతా నల్లబట్టలు.

"బాస్టియాన్ గారూ, నాకు తెలీదు. ఈ రోజు రుచి చూడ్డమేంటి, వద్దు. ఇంకెప్పుడైనా..."

"వద్దు! వెళ్ళకు!" అతను ఎంత గట్టిగా అన్నాడంటే అందరూ ఇటు తిరిగారు. "కూర్చో. దయచేసి కాసేపు కూర్చో."

ఆమెకు జాలేసింది. ఫోన్ తీసి, "ఇవాళ నేను రాను, మీరే చూసుకోండి. మా వీధిలో ఒకాయన పోయాడు," అని బార్‌కు చెప్పేసి నేల మీద కూర్చుంది. బాస్టియాన్‌కు ఆమె కూర్చున్నందుకు సంతోషించాలో, మోసం చేసినందుకు సిగ్గుపడాలో తెలియలేదు. రెండూ చేశాడు.

అంతటితో ఆగినా బాగుండేది. గుమ్మం గంట మళ్ళీ మోగింది. బూడిదరంగు సూటు, చేతిలో కొలిచే టేపు, ముఖంలో తగుమాత్రం విచారం. అంత్యక్రియల కంపెనీ క్రైన్ గారు.

"నేనే రమ్మన్నాను," అన్నాడు ఎవర్ట్, మేలు చేసినవాడి గర్వంతో. "మా ఆవిడ మేనమామ కొడుకు. నీకెందుకయ్యా ఈ తిరుగుళ్ళన్నీ, ఆయన చూసుకుంటాడు."

"నా సానుభూతి," అన్నారు క్రైన్ గారు. "పార్థివదేహం ఎక్కడుంది?"

లోడెవైక్ గారు కళ్ళతోనే గోడలోని పడక వైపు చూపించారు. ఆయన ఎప్పుడో గమనించి, మర్యాద కొద్దీ అటు చూడకుండా కూర్చున్నారు. క్రైన్ గారు నడిచి వెళ్ళి, తల వంచి, పడక తలుపు మెల్లగా తీశారు. తెల్లగుడ్డ కొస ఎత్తారు. కింద మట్టి జాడీలు, పక్కపక్కనే, బుద్ధిగా.

చాలాసేపు చూశారు. వృత్తిలో అన్నీ చూసిన మనిషి.

"ఓహో. దహనం అయిపోయిందన్నమాట," అన్నారు. ఇంకోసారి చూసి, "అంతా ఒక్కరేనా?" అని అడిగారు.

"భారీ మనిషేమో," అన్నాడు ఎవర్ట్ నెమ్మదిగా.

గదిలో ఎవరూ నవ్వలేదు. అందరూ తలలు వంచారు. ఎవర్టే మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. "ఏమీ అనుకోకపోతే... కాఫీలయ్యాయి, కేకయింది. పోయినాయన పేరు మీద గట్టిది ఒక్క చుక్క వేసుకోకపోతే ఆయన్ను అవమానించినట్టే. నీ దగ్గర ఏమైనా ఉందా బాస్టియాన్?"

ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యాక్టరీ సీసా అడుగంటింది. గుడ్డ విప్పిన జాడీ ఇవాళ తాగకపోతే రేపటికి పాడైపోతుంది, మళ్ళీ ఏడాది పడుతుంది. మళ్ళీ ఏడాదికి ఈ గదిలో ఎవరుంటారు? ఫ్లూర్ ఎదురుగా ఉంది. యోషా అడిగిన నలుగురూ ఉన్నారు, నలుగురేమిటి, మెట్లదాకా ఉన్నారు. బాస్టియాన్ లేచాడు. చిన్న గ్లాసులన్నీ బల్ల మీద పేర్చాడు. పడక దగ్గరికి వెళ్ళి, మొదటి జాడీని రెండు చేతులా ఎత్తుకొచ్చి, బిరడా తీసి, వంచాడు.

మెట్ల మీద ఒకావిడ "దేవుడా!" అంది. లోడెవైక్ గారి ముఖం పాలిపోయింది.

"బాస్టియాన్ గారూ... ఆ... ఆయన్ని... పోస్తున్నారా?"

ఎవర్ట్ మాత్రం ముక్కు ఎగబీల్చాడు. బేకరీవాడి ముక్కు కదా. "ఆగండాగండి. బూడిదకి షాజీరా వాసన ఎందుకొస్తుంది?"

బాస్టియాన్ జాడీ దించాడు. ఇక దాచి లాభం లేదు.

"ఎవరూ పోలేదు," అన్నాడు. "అంటే పోయాడు, కానీ రెండు వందల ఏళ్ళయింది. ఇది ఆయన రాసిపెట్టిన పద్ధతిలో నేను చేసిన యెనేవర్. వెలుతురు పడకూడదని దుప్పట్లు కట్టాను. ఈ కోటు తప్ప నాకు వేరే కోటు లేదు. అంతే." అక్కడితో ఆగుదామనుకున్నాడు, కానీ ఆరేళ్ళ మాటలు ఒక్కసారి బయటపడ్డాయి. "మీరంతా వచ్చేసరికి చెప్పలేకపోయాను. తాగడానికి రండి అంటే ఫిబ్రవరి అన్నారు, మార్చి అన్నారు. పోయారనుకుంటే కాఫీ చల్లారేలోగా వచ్చేశారు. నాకు... ఇల్లు నిండుగా ఉంటే బాగుంది. క్షమించండి. ఇక వెళ్ళాలనుకునేవాళ్ళు వెళ్ళండి."

ఎవరూ కదల్లేదు. లోడెవైక్ గారు మాత్రం ఎర్రబడ్డారు. "నేను మా చెల్లెలి పుట్టినరోజు మానుకొచ్చానయ్యా! చర్చి గంట కొట్టించానయ్యా! లేని మనిషికి ఏడ్చానయ్యా!"

"పోనీ ఇప్పుడు వెళ్ళండి, ఇంకా కేకు కోసి ఉండరు," అంది ట్రూస్ వంటింటి గుమ్మంలోంచి.

"వెళ్తానో లేదో నా ఇష్టం. ముందు ఆ గ్లాసు నిండా పొయ్యమనండి. సగంసగం పోస్తాడేమిటి?"

పోశాడు. ఆ ఊరి మర్యాద ప్రకారం అంచుదాకా, ఇంకో చుక్క పడితే పొర్లేంతదాకా పోశాడు. అలా పోసిన గ్లాసును చేత్తో ఎత్తకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని, బల్ల మీదికి ఒంగి, మొదటి గుక్క పెదాలతోనే అందుకోవాలి. ముందు ఫ్లూర్ ఒంగింది. తర్వాత ఎవర్ట్, లోడెవైక్ గారు, క్రైన్ గారు, వరసగా అందరూ. సరిగ్గా అప్పుడే వీధిలో పోతున్న ఇద్దరు దుప్పట్ల సందులోంచి లోపలికి చూశారు. నల్లబట్టల జనమంతా చేతులు వెనక్కి పెట్టుకుని, నడుములు వంచి, తలలు దించి ఉన్నారు. ఇంత భక్తి చర్చిలో కూడా చూడలేదనుకుని వాళ్ళు టోపీలు తీసి, కాసేపు నిలబడి వెళ్ళారు.

బాస్టియాన్ అలవాటు కొద్దీ రెండో గ్లాసు పోసి యోషా కుర్చీ ముందు పెట్టాడు. కుర్చీలో క్రైన్ గారు కూర్చున్నారు. బాస్టియాన్ వద్దనేలోపే ఆయన ఆ గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "చాలా బాగుందండీ," అన్నారు. ఆ కుర్చీ నుంచి జవాబు రావడం ఆరేళ్ళలో అదే మొదటిసారి. బాస్టియాన్ పక్కకు తిరిగి జాడీ సర్దుతున్నట్టు నటించాడు.

"ఫ్లూర్, నువ్వేమంటావు?" అని అడిగాడు చివరికి.

ఆమె కళ్ళు మూసుకుని ఉంది. "అద్భుతంగా ఉంది. కానీ నా బార్‌లో పెట్టలేను."

"అదేంటి?" అన్నాడు ఎవర్ట్, తనే చేసినంత కోపంగా.

"అక్కడ ఒక్కొక్కరూ ఫోన్ చూసుకుంటూ, ఐసు కలుపుకుని, ఏం తాగుతున్నారో తెలీకుండా తాగుతారు. దీన్ని అలా తాగితే పాపం. దీనికి చీకటిగది కావాలి, పక్కన మనుషులు కావాలి. నేను అమ్మలేను బాస్టియాన్ గారూ. తాగమంటే మాత్రం ఎన్నిసార్లయినా వస్తా."

సీసా మీద యోషా పేరు పడదని తేలిపోయింది. బాధ కలగాలి, కలిగింది కూడా. కానీ అప్పటికే లోడెవైక్ గారు రెండో గ్లాసు మీదికి ఒంగి, యాకోబ్ గారి ఆత్మశాంతికి అంటున్నారు. మెట్ల మీద ఏడ్చినావిడ మాత్రం, ఎన్ని చెప్పినా, బిళ్ళలు కొనిపెట్టింది ఆయనే అని పట్టుబడుతోంది. నలుగురికీ పోయమంది యోషా. అమ్మమని ఎప్పుడూ అనలేదు.

దీపాలు పెట్టే వేళకు అందరూ వెళ్ళారు. జాడీలన్నీ ఖాళీ. ట్రూస్ ఒక్కతే ఉండిపోయి గ్లాసులు కడుగుతోంది. బాస్టియాన్ గుడ్డతో తుడుస్తున్నాడు.

"నిన్ను కూడా ఏడిపించాను, ఏమనుకోకు ట్రూస్. ఎవరో పోయారనుకుని కంగారుపడి ఉంటావు."

"నేనా? నేనెందుకు అనుకుంటాను?" అంది ఆమె, గ్లాసు నీళ్ళు వంపుతూ. "జాడీలు మోసుకురావడం చూశాను. మేకులు కొట్టడం చూశాను. పొద్దున వీళ్ళందరికీ ఫోన్ చేసి, బాస్టియాన్ కిటికీకి తెల్ల దుప్పట్లు కట్టాడు, చూశారా అని మాత్రం అన్నాను. పోయారని నేనన్లేదే."

అతను తుడవడం ఆపేశాడు. "అన్నీ తెలిసి చేశావా? ఎందుకు?"

"నీ కిటికీకి తెర లేదు కదయ్యా. ఆరేళ్ళుగా చూస్తున్నాను. రెండు గ్లాసులు పోస్తావు, ఒకటి తాగుతావు, రెండోది తిరిగి సీసాలో పోసేస్తావు. చూడలేకపోయాను."

"మరి నేను పిలిచినప్పుడు రానన్నావు. డైరీ నిండిపోయిందన్నావు."

ట్రూస్ కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది. "నా డైరీలో ఏముందని? ఆస్పత్రి అపాయింట్‌మెంటు తప్ప ఏమీ లేదు. అందరివీ నిండి ఉంటే నాదొక్కటే ఖాళీ అని చెప్పడానికి సిగ్గేసింది. అంతే."

బాస్టియాన్ ఆ గ్లాసు అందుకుని తుడిచి పెట్టాడు. ఆమె కెటిల్ తీసుకుని వీధి దాటి వెళ్ళిపోయింది. అతను దుప్పట్లు విప్పి, మడిచి, యోషా పెట్టెలో పెట్టాడు. ఎదురింటి కిటికీలో దీపం వెలగడం చూసి చెయ్యి ఊపాడు. అవతలి నుంచి కూడా చెయ్యి ఊగింది.

తర్వాతి శనివారం పొద్దున కాఫీ కప్పుతో కిటికీ దగ్గరికి వచ్చిన బాస్టియాన్ అక్కడే ఆగిపోయాడు. ఎదురింటి కిటికీకి తెల్ల దుప్పట్లు. ఈ చివర నుంచి ఆ చివరదాకా. మొన్న మొన్ననే కదా మాట్లాడింది! ఇంట్లో చెప్పులతోనే, చలిలో కోటు లేకుండా, వీధికి అడ్డంగా పరుగెత్తాడు. అప్పటికే ఎవర్ట్ కేకు పళ్ళెంతో వస్తున్నాడు, ముఖంలో నెత్తురుచుక్క లేదు. లోడెవైక్ గారు టై ముడి వేసుకుంటూ పరుగు. బార్ నుంచి అప్పుడే వచ్చిన ఫ్లూర్ నిద్రకళ్ళతో వస్తోంది. మూలమీద క్రైన్ గారి కారు ఆగింది.

బాస్టియాన్ తలుపు దబదబ బాదాడు. తలుపు తెరుచుకుంది. ఏప్రను కట్టుకుని, గరిటె పట్టుకుని ట్రూస్ నిలబడి ఉంది. ఆమె వెనక నుంచి బఠానీ సూపు వాసన గుప్పుమంది.

"ఒక్కదాన్నే కదా అని వండితే కుండ నిండిపోయింది," అంది, వీధిలోని నల్లబట్టలను తాపీగా చూస్తూ. "అందరూ ఖాళీయేనా?"

ఎవరూ డైరీ తియ్యలేదు. లోపలికి వచ్చి కోట్లు తగిలించారు. క్రైన్ గారు కూడా ఈసారి శవం ఎక్కడని అడగలేదు, చెంచాలు ఎక్కడని అడిగారు.